వడ్రంగి శాలలో గణిత గ్రంథములు

పుస్తకములు రెండు విధములు. మొదటి పుట మొదలుకొని కడపటి పుట వరకు వరుసగా చదువదగినవి కొన్ని; అవసరము కలిగినప్పుడు తెఱచి, కావలసిన మాట చూచుకొని, మరల మూసి పెట్టదగినవి కొన్ని. కథలు, కావ్యములు మొదటి తెగకు చెందినవి. నిఘంటువులు, పంచాంగములు, గణిత పట్టికలు రెండవ తెగకు చెందినవి. ఈ రెండవ తెగ పుస్తకములు అడిగినదానికి మాత్రమే బదులు చెప్పును. అడుగుట తెలియనివానికి అవి యెంత విలువగలవైనను అక్కఱకు రావు.

ఇట్టి పుస్తకములు వడ్రంగి శాలలో నుండునని చెప్పినచో పలువురు ఆశ్చర్యపడుదురు. రంపము, ఉలి, బాడిస, చిత్రిక, మూలమట్టము ఉండవలసిన చోట పుస్తకములతో పని యేమి యని వారి తలంపు. కాని కొయ్యపనిలో గణితము లేని దినము ఉండదు. దూలము పొడవు, తలుపు వెడల్పు, కుసి మందము, చెక్క వెల, కూలి లెక్క - అన్నియు అంకెలతో ముడివడియున్నవే. బడిలో లెక్క తప్పినచో పలక తుడిచి మరల వ్రాయవచ్చును. కోసిన చెక్కను మరల అతుకుట యెవ్వరి తరమును కాదు. అందుచేతనే మంచి వడ్రంగి రెండు మాఱులు కొలిచి ఒక మాఱు కోయును.

గోదావరి యొడ్డున మా తండ్రిగారికి ఒక చిన్న వడ్రంగి శాల యుండెను. ఆయనకు చదువు కొలదిగా వచ్చును. పెద్ద మేస్త్రీగా పనిచేసిన మా మేనమామకు చదువు బొత్తిగా రాదు. కాని ఆయన చేతికి తెలియని పని లేదు. పని చేయు బల్లకు పైగా గోడకు ఒక చెక్క పలక బిగించి, దానిమీద మా తండ్రిగారు నాలుగైదు పుస్తకములను ఉంచెడివారు. రంపపు పొట్టు పడి వాని అట్టలు పసుపువన్నె తేలియుండెను. నేను గణితము చదువుకొని ఉపాధ్యాయుడ నగుటకు ఆ పలకమీది పుస్తకములే మొదటి కారణమని నా నమ్మకము. వానిని గూర్చి మీకు కొంత చెప్పెదను.

మొదటిది పెద్ద బాలశిక్ష. అక్షరములు, నీతివాక్యములు మాత్రమే కాక, అందు ఎక్కములును కొలతలును గలవు. వడ్రంగికి ఎక్కములు నోటికి వచ్చియుండవలెను. చేతిలో రంపముండగా పుస్తకము తెఱచుటకు వీలుపడదు. అడుగునకు 12 అంగుళములు, అంగుళమునకు 8 నూళ్ళు. కావున అడుగునకు 96 నూళ్ళు. ఈ యొక్క లెక్క నోట నుండినచో కొట్టములో సగము పని జరిగినట్లే. బాలశిక్ష ఆ సగమును నేర్పెను.

రెండవది గణిత పట్టికల పుస్తకము. కళాశాల విద్యార్థులు క్లార్క్ పట్టికలని పిలుచునది అదియే. స్కాట్లాండు దేశీయుడగు జాన్ నేపియర్ 1614లో సంవర్గమానములను లోకమునకు వెల్లడించిన పిమ్మట ఇట్టి పట్టికలు నానాదేశములందు వ్యాపించెను. సంవర్గమానములతో మా శాలలో అంతగా పని లేదు. వర్గమూలముల పట్టిక, కోణముల పట్టిక - ఈ రెండే మాకు ముఖ్యములు.

ద్వారబంధము చేయునప్పుడు వర్గమూలముల పట్టిక ఎట్లు పనికివచ్చునో చూడుడు. పొడవు 7 అడుగులు, వెడల్పు 3 అడుగులు గల బంధము చేయవలెననుకొనుడు. నాలుగు కొయ్యలును కొలతకు సరిగా ఉన్నంత మాత్రమున అది చక్కగా నున్నదని చెప్పరాదు. ఎదురెదురు భుజములు సమానములై యుండియు బంధము ఒక ప్రక్కకు ఒరగవచ్చును. అప్పుడది దీర్ఘచతురస్రము కాక వట్టి సమాంతర చతుర్భుజ మగును. అట్టి బంధమున కెక్కించిన తలుపు మూతపడదు. కర్ణములు రెండును సమానమైనప్పుడే మూలలు నాలుగును సమకోణములగును. ఇది మీ క్షేత్రగణిత పుస్తకములో నున్న సిద్ధాంతమే.

ఆ కర్ణము ఎంత యుండవలెను? 7ను వర్గము చేయగా 49, 3ను వర్గము చేయగా 9, మొత్తము 58. పట్టికలో 58కి ఎదుట వర్గమూలము 7.6158 అని యుండును. అనగా 7 అడుగులును, మఱి .6158 అడుగును. ఈ దశాంశమును 12 చేత హెచ్చింపగా 7.39 అంగుళములు, మిగిలిన.39ను 8 చేత హెచ్చింపగా ఇంచుమించు 3 నూళ్ళు. కావున కర్ణము 7 అడుగుల 7 అంగుళముల 3 నూళ్ళు. మా తండ్రిగారు ఈ అంకెను సుద్దతో బల్లపై వ్రాసి, బంధమును ఆ కొలతకు జరిపి, పిదప రెండవ కర్ణమును సరిచూచెడివారు. పట్టిక దశాంశములలో చెప్పును. కొలబద్ద నూళ్ళలో చెప్పును. ఈ రెండు భాషలకు నడుమ దుబాసి పని చేయవలసినది మన బుద్ధియే.

కర్ణమును గూర్చిన ఈ జ్ఞానము మనదేశమున మిక్కిలి పురాతనమైనది. యజ్ఞవేదికలను కట్టుటకై త్రాళ్ళతో నేలమీద కొలతలు వేయు విధమును తెలుపు గ్రంథములు శుల్బసూత్రములు. శుల్బమనగా త్రాడు. క్రీస్తుకు కొన్ని శతాబ్దములకు పూర్వమే బౌధాయనుడు తన శుల్బసూత్రములలో దీర్ఘచతురస్రపు కర్ణమును గూర్చిన సూత్రమును చెప్పియున్నాడు. మూడు, నాలుగు, ఐదు కొలతల త్రాడుతో మూల నిలుపు మేస్త్రి ఆ గ్రంథమును చూచి యెఱుగకపోవచ్చును; కాని ఆ విద్య అతని చేతిలో బ్రతికియున్నది.

చేతి విద్యయు పుస్తక విద్యయు కలిసికొనుటను నేను మా శాలలోనే కన్నులార చూచితిని. ఒకనాడు ఎనిమిది మూలల పీట చేయవలసి వచ్చెను. మా మామయ్య 24 అంగుళముల చదరపు చెక్క తీసికొని, దాని కర్ణములు రెండును గీచి నడిమి చుక్కను గుర్తించెను. తరువాత కంపాసు మొనను ఒక మూల నుంచి, రెండవ మొనను ఆ నడిమి చుక్కకు చాచి, అదే కొలతతో ప్రక్క అంచులమీద గుర్తులు పెట్టెను. నాలుగు మూలలనుండియు అట్లే చేయగా ఎనిమిది గుర్తులు ఏర్పడెను. ఆ గుర్తులను కలిపి మూలలు నాలుగింటిని కోసివేసెను. ఎనిమిది భుజములును సరిసమానముగా నిలిచెను.

నేను ఆనాడు పట్టికల పుస్తకము తీసి లెక్క కట్టితిని. చదరపు చెక్క కర్ణములో సగము 16.97 అంగుళములు. దానిని 24లోనుండి తీసివేయగా మిగులునది 7.03 అంగుళములు, ప్రతి మూలనుండియు పోవలసిన కొలత ఇదియే. నడుమ మిగులు భుజము 9.94 అంగుళములు. కోణముల పట్టికలో ఇరువదిరెండున్నర డిగ్రీలకు ఎదుటనున్న స్పర్శరేఖ విలువ .4142, దానిచే 24ను హెచ్చించినను 9.94యే వచ్చినది. కొలబద్దతో చూడగా మామయ్య కోసిన మూల 7 అంగుళములు, ఆపైన పావు నూలు.

"మామయ్యా, నీ గీతయు పుస్తకమును ఒకే మాట చెప్పుచున్నవి" అంటిని.

ఆయన నవ్వి, "పుస్తకము వ్రాసినవాడును ఎవరో ఒక మేస్త్రి నడిగియే వ్రాసియుండును లేరా" అనెను.

ఆ మాట పరిహాసమునకు అనినదే. అయినను అందు సత్యము లేకపోలేదు. మా పలకమీది మూడవ పుస్తకము దానికి సాక్ష్యము. అది భాస్కరాచార్యుని లీలావతి, తెలుగు తాత్పర్యముతో గూడిన ప్రతి. 1150 ప్రాంతమున రచింపబడిన ఆ గణిత గ్రంథములో క్రకచ వ్యవహారమని ఒక ప్రకరణము కలదు. క్రకచమనగా రంపము. కొయ్యను కోయువారి పనిని కొలుచు విధము అందు చెప్పబడినది. మొదట 20 అంగుళములు, చివర 16 అంగుళములు మందముగల కొయ్య, పొడవు 100 అంగుళములు, దానిని నాలుగు చోట్ల నిడివిగా కోసిరి, పని యెంత? ఇది ఆ గ్రంథములోని లెక్క. మందముల సగటు 18. దానిని 100 చేతను, కోతలు 4 చేతను హెచ్చింపగా 7,200 చదరపు అంగుళములు. ఆ గ్రంథపు కొలత ప్రకారము హస్తమునకు 24 అంగుళములు గనుక చదరపు హస్తమునకు 576. భాగింపగా పండ్రెండున్నర చదరపు హస్తములు.

రంపము ఎంత మేర కోసినదో దానినిబట్టి పనిని లెక్కించుట ఎంత న్యాయమో గమనింపుడు. అంతటితో భాస్కరాచార్యుడు ఊరకొనలేదు. కొయ్య మెత్తదనమును, గట్టిదనమును అనుసరించి, పనివారి సమ్మతితో కూలి నిర్ణయింపవలెనని కూడ చెప్పినాడు. ఈ భాగమును మా తండ్రిగారు చదివి వినిపింపగా మామయ్య చేతిలోని పని ఆపి, మరల చదువుమని యడిగెను. టేకునకును తుమ్మకును ఒకే కూలి యిచ్చెదమను ఆసాములతో ఆయన జీవితమంతయు వాదులాడినవాడు. ఎనిమిది వందల యేండ్లకు పూర్వము ఒక మహాపండితుడు తన పక్షమున మాట చెప్పియుండెనని విని ఆయన ముఖము వికసించెను. మన తెలుగులోను గణిత గ్రంథములకు కొఱత లేదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గణితమును దేశభాషలో చెప్పవలెనను కోరిక మనకు క్రొత్తది కాదు.

నాలుగవ పుస్తకము కలప కొలతల పట్టిక. చూచుటకు చిన్నది, ధనముతో నేరుగా సంబంధించినది. చెట్టు దుంగ చుట్టుకొలతయు పొడవును తెలిసినచో అందు ఎన్ని ఘనపుటడుగుల కలప యున్నదో ఆ పుస్తకము చెప్పును. దీనివంటి పట్టికలలో మిక్కిలి పేరుగాంచినది ఇంగ్లండున ఎడ్వర్డ్ హాపస్ అను సర్వేయరు 1736లో ప్రకటించిన గ్రంథము. చుట్టుకొలతలో నాలుగవ వంతు తీసికొని, దానిని వర్గము చేసి, పొడవుచే హెచ్చించుట అందలి పద్ధతి. దుంగను చదరముగా చెక్కునప్పుడు పోవు వ్యర్థమునకై కొంత విడిచిపెట్టుట దీని ఉద్దేశము. మనదేశమున గుండ్రని దుంగల వ్యాపారములోను ఈ నాలుగవ వంతు పద్ధతియే వాడుకలోనికి వచ్చినది.

ఈ పట్టికను గూర్చి ఒక సంగతి చెప్పక తీరదు. మా యూరి రైతు ఒకడు బిడ్డ పెండ్లికై తన పెరటిలోని టేకు చెట్టును కొట్టించెను. దుంగ చుట్టుకొలత 60 అంగుళములు, పొడవు 12 అడుగులు. కలప వర్తకులు ఇద్దఱు బేరమునకు వచ్చిరి. మొదటివాడు ఘనపుటడుగునకు 100 రూపాయలు, రెండవవాడు 85 రూపాయలు ఇచ్చెదమనిరి. మొదటివాడు పట్టిక చూచి, దుంగలో పదునెనిమిదిన్నొక ముప్పాతిక, అనగా 18.75 ఘనపుటడుగు లున్నవనెను. రైతు కుమారుడు పదవ తరగతి చదివినవాడు. అతడు వృత్తవైశాల్యమును కట్టి, 23.87 ఘనపుటడుగులు రావలెనని తేల్చెను. ఐదడుగులకు పైగా మాయమైనదని అతనికి పట్టరాని కోపము వచ్చెను. తండ్రికి మాత్రము నూరు రూపాయల ధర వదలుకొనుటకు మనసు రాలేదు. ఇరువురును వాదులాడుకొనుచు మా శాలకు వచ్చిరి.

"మేస్త్రిగారూ, లెక్క నేను సరిగా కట్టితిని. ఆ పుస్తకమే మోసపు పుస్తకము" అనెను కుఱ్ఱవాడు.

"నీ లెక్కయు తప్పు కాదు, ఆ పుస్తకమును తప్పు కాదు బాబూ. నీవు కొలిచిన అడుగు వేఱు, అది కొలిచిన అడుగు వేఱు. ఎవరి ధర ఏ అడుగునకో ముందు తెలిసికొని రండు" అనెను మామయ్య.

మా తండ్రిగారు మా పలకమీది పట్టిక తీసి మొదటి పుట చదివి వినిపించిరి. అందు నాలుగవ వంతు పద్ధతి స్పష్టముగా వ్రాయబడియుండెను. 60లో నాలుగవ వంతు 15. దాని వర్గము 225. 144 చేత భాగించి 12 చేత హెచ్చింపగా 18.75. వర్తకుడు చెప్పిన అంకె అదియే. నిజమైన ఘనపరిమాణములో ఈ పద్ధతి చూపునది నూటికి 78.5 పాళ్ళు మాత్రమే. కావున ఆ పట్టిక అడుగునకు 100 రూపాయలనగా, నిజపు ఘనపుటడుగునకు 78 రూపాయల 54 పైసలని యర్థము.

రైతు పోయి విచారింపగా, రెండవ వర్తకుడు దుంగను పూర్తి ఘనపరిమాణమునకే కొనునని తేలినది. మొదటివాని బేరమున వచ్చునది 1,875 రూపాయలు. రెండవవాని బేరమున 23.87ను 85 చేత హెచ్చింపగా ఇంచుమించు 2,029 రూపాయలు. ఎక్కువగా కనబడిన ధర తక్కువ సొమ్మును, తక్కువగా కనబడిన ధర ఎక్కువ సొమ్మును తెచ్చుచుండెను. భేదము 154 రూపాయలు. ఆ దినములలో అది పేదవాని యింటికి చిన్న మొత్తము కాదు. మొదటి వర్తకుడు మోసగాడని ఎవ్వరును అనలేదు. అతడు తన పద్ధతిని దాచలేదు. అడిగినవారు లేకపోయిరి, అంతియే.

ఈ సంగతి నాకు నేర్పిన పాఠము పెద్దది. పట్టికలోని అంకెలను చూచుటకు ముందు పట్టిక తలమీది మాటలను చూడవలెను. అది దేనిని కొలుచుచున్నది? ఏ ప్రమాణములో? ఏ పద్ధతిచే? ఈ మూడింటికి సమాధానము తెలియక అంకెను మాత్రము పట్టుకొనినవాడు, పేరు తెలియని ఊరికి బండి కట్టినవానితో సమానుడు.

నేటి శాలలలో ఈ జాగ్రత్త మఱింత అవసరము. 1956లో కొలతల చట్టము వచ్చి, క్రమముగా మనదేశమున మీటరు పద్ధతి అమలైనది. అయినను వడ్రంగుల నోట అడుగు, అంగుళము, నూలు పోలేదు. ప్లైవుడ్ పలకను 8 అడుగులకు 4 అడుగులని కొందురు. దాని మందమును మాత్రము 18 మిల్లీమీటర్లని చెప్పుదురు. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు గనుక 8 అడుగులకు 2438.4 మిల్లీమీటర్లు కావలెను; పలకపై తఱచుగా 2440 అని యుండును. ఒకటిన్నర మిల్లీమీటరు భేదము పెద్ద తలుపున కనబడకపోవచ్చును, సొరుగున కనబడును. చేతిలోని ఫోను నేడు వర్గమూలమును రెప్పపాటులో చెప్పుచున్నది. మంచిదే. కాని 58కి వర్గమూలము కావలెనని దానికి చెప్పవలసినవాడు వడ్రంగియే. వచ్చిన అంకె అడుగులో, అంగుళములో, మిల్లీమీటర్లో ఎఱుగవలసినవాడును అతడే.

ఇక ఐదవ పుస్తకము. అది అచ్చుపుస్తకము కాదు; మా తండ్రిగారి చేతివ్రాత పుస్తకము. రంపము కోతలో ఎంత మందము పొట్టుగా పోవునో, ఏ కొలత తలుపునకు ఎంత కలప పట్టినదో, ఏ మెట్లకు ఎంత వాలు పెట్టిరో అందు వ్రాసియుండెను. ఒక పని ముగియగానే దాని కొలతలను చిత్రముతో సహా వ్రాసికొనుట ఆయన అలవాటు. అచ్చుపుస్తకము అందఱి శాలలకును పనికివచ్చును. ఈ పుస్తకము మా రంపమునకు, మా బల్లకు, మా యూరి కలపకు సరిపోవునది. అచ్చుపుస్తకములోని అంకెను పనిలో పరీక్షించి, సరియైనదని తేలిన పిదపనే ఆయన దీనిలో ఎక్కించెడివారు. మామయ్య కంపాసు విధానమును నేను ఆ పుస్తకములోనే చిత్రముతో వ్రాసితిని. చదువురాని వాని విద్య పుస్తకమునకు ఎక్కుట ఆనాడు మా యింట అందఱికిని సంతోషము కలిగించెను.

విద్యార్థులారా! మీలో కొందఱు ఇంజనీర్లగుదురు, కొందఱు చేతిపని నేర్తురు, కొందఱు వ్యవసాయము చేయుదురు. ఏ పనియందైనను ఇట్టి చిన్న పుస్తకముల వరుస యొకటి మీ చేరువ నుండవలెను. ఎక్కువ పుస్తకములు అక్కఱలేదు. నోటికి రావలసిన ఎక్కములకు ఒకటి, జ్ఞాపకముంచుకొనలేని పట్టికలకు ఒకటి, కారణములు తెలుపు క్షేత్రగణితమునకు ఒకటి, మీ వృత్తికి సంబంధించిన కొలతలకు ఒకటి, మీ చేతితో మీరే వ్రాసికొనునది ఒకటి. క్రొత్త పట్టిక చేతికి వచ్చినప్పుడు, మీకు ముందే తెలిసిన లెక్క నొకదానిని అందు వెదకి సరిచూడుడు. సరిపోయినచో దానిని నమ్మవచ్చును. సరిపోనిచో మొదటి పుటను మరల చదువవలెను.

క్షేత్రగణితము దేనికని, వర్గమూలములు బ్రదుకులో ఎక్కడ వచ్చునని మీరు అప్పుడప్పుడు అడుగుచుందురు. మీ తరగతి గది తలుపు చక్కగా మూతపడుచున్నదా? అట్లయినచో దానిని చేసినవాడు ఆ లెక్కను తప్పక సరిచూచి యున్నాడు. రేపు బడి విడిచిన పిమ్మట ఒక త్రాడు తీసికొని ఆ ద్వారబంధపు కర్ణములు రెండింటిని కొలిచి చూడుడు.